ఆయమ్మకు సెలవుల జీతం

మా పాపకు ఆరో నెల నిండిన వారంలోనే నా ప్రసూతి సెలవు అయిపోయింది. నరసరావుపేటలో ఒక జూనియర్ కాలేజీలో నేను బోటనీ చెబుతాను. మా ఆయన ఉద్యోగం మాచర్లలో, కాలవల శాఖలో. సోమవారం పొద్దున్నే బస్సెక్కితే మళ్ళీ శనివారం సాయంత్రమే ఇంటికి రావడం. మా అమ్మ మోకాళ్ళ ఆపరేషన్ చేయించుకుని ఇంకా కర్ర సాయంతోనే నడుస్తోంది. మా అత్తగారికి దుర్గి దగ్గర పల్లెలో నాలుగెకరాల పొలం, రెండు గేదెలు. నెలకోసారి వచ్చి రెండు రోజులుండి, వేరేవాళ్ళు పితికితే గేదెలు పాలివ్వవని కంగారుపడి వెళ్ళిపోయేది. పాపను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టుకోక తప్పలేదు.

ఎంతివ్వాలో మాత్రం నాకు తెలియదు. స్టాఫ్ రూములో అడిగితే తలా ఒక మాట చెప్పారు. లెక్కలు చెప్పే మేడమ్, ఆరు వేలు దాటి ఒక్క రూపాయి ఇవ్వొద్దని, మొదట్లోనే ఎక్కువిస్తే నెత్తికెక్కుతారని అంది. ఇంగ్లీషు మేడమ్‌కు కవలలు. ఆవిడ అందరికంటే ఎక్కువిస్తోంది, అయినా ఆయా ఒక్కరోజు రాకపోతే తన ప్రాణం పోతుందని చెప్పింది. ఫిజిక్స్ సార్ వాళ్ళింట్లో వాళ్ళమ్మ ఉంది కాబట్టి సాయానికి ఎవరో ఒకరుంటే చాలని తక్కువకే కుదుర్చుకున్నాడు. వీళ్ళందరి మాటలూ విని ఆరుకూ ఎనిమిదికీ మధ్యలో ఎక్కడో తెగుతుందని నాకు నేనే అనుకున్నాను.

మా ఇంటి ఓనరావిడను నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. కింద వాటాలో వాళ్ళు, పైన మేము. ఆవిడే ఒక ఆదివారం ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చింది. దగ్గర దగ్గర యాభై ఏళ్ళుంటాయి. సన్నగా, నల్లగా, జుట్టు బిగించి ముడేసుకుని ఉంది. గడప దాటి లోపలికి రాకుండా ముందు మెట్ల వైపు చూసింది.

"మెట్లకు అడ్డం తలుపు లేదేందమ్మా?" అంది. అది ఆవిడ నాతో మాట్లాడిన మొదటి మాట.

పాప ఇంకా పాకడం లేదు కదా అన్నాను. ఇంకో నెలకు పాకుతుందని, పాకినాక తలుపు పెట్టిస్తే లాభం లేదని అంది. అప్పుడు లోపలికొచ్చి నేల మీద కూర్చుని అడగడం మొదలుపెట్టింది. పాప సీసాతో తాగుతుందా, చెంచాతోనా? చీర ఉయ్యాలలో పడుకుంటుందా, మంచం మీదనా? జ్వరమొస్తే ఏ డాక్టరు దగ్గరకు తీసుకెళ్తారు? నేను నాలుగున్నరకు వస్తానంటే నిజంగా నాలుగున్నరేనా, లేక మీటింగులని ఆరవుతుందా? పగలు ఇంట్లో ఇంకెవరన్నా ఉంటారా? ఉద్యోగానికి ఇంటర్వ్యూ నాకు జరుగుతోందా ఆవిడకా అనిపించింది. జీతం గురించి ఒక్క మాట ఎత్తలేదు. చివరికి నేనే, పాపతో పాటు గిన్నెలు తోమి, బట్టలు ఆరేసేట్టయితే ఎంత తీసుకుంటావని అడిగాను.

"పాపను చూసేదానికైతే చెబుతా. గిన్నెలకు వేరే మనిషిని పెట్టుకోండి మేడమ్. పాపను సంకనేసుకుని గిన్నెలు తోమితే గిన్నెల జిడ్డూ పోదు, పాప మీద కన్నూ ఉండదు" అంది.

పొద్దున తొమ్మిది నుంచి నాలుగున్నర దాకా, ఆదివారాలు కాకుండా, ఎనిమిది వేలు అడిగింది. నేను మా అమ్మ కూతుర్ని. గాజుల కొట్లో అయినా కూరగాయల బండి దగ్గరైనా మొదట చెప్పిన ధరకు ఒప్పుకోవడం నాకు చేతకాదు. ఒక్కటే పాప అన్నాను. ఏడ్చే పిల్ల కాదన్నాను. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే అన్నాను. పిన్నిగారు కూడా వంత పాడింది. ఏడు వేలకు తెగింది. లేచి వెళ్ళబోతూ ఆవిడ ఇంకొకటి అడిగింది, మా కాలేజీకి సెలవులిచ్చినప్పుడు ఎలాగని.

అప్పుడు నేను ఇంట్లోనే ఉంటాను కదా, రానక్కర్లేదన్నాను. వచ్చిన రోజులకే లెక్క కట్టి ఇస్తానని కూడా చెప్పాను. ఆవిడ నన్నొకసారి చూసి, "అట్టాగేలే" అంది. సెలవులు దొరికినందుకు సంతోషించిందనుకున్నాను నేను.

పాపకు ఆవిడ చేయి వారం తిరక్కుండానే అలవాటైంది. నేను కాలేజీకి బయల్దేరుతుంటే మొదటి మూడు రోజులు ఏడ్చింది. నాలుగో రోజు ఆవిడ భుజం మీద నుంచి నన్నెవరో తెలిసిన మనిషిలాగా చూసి తల తిప్పేసుకుంది. నాకు హాయిగానూ అనిపించింది, గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టూ అనిపించింది. ఆవిడ నిజంగానే పాప మీద నుంచి కన్ను తిప్పేది కాదు. రాగిజావ కాచి, అరచేతి వెనక చుక్క వేసుకుని వేడి చూసుకుని, పాప నోరు తెరిచేదాకా తను కూడా నోరు తెరుచుకుని కూర్చునేది. ఎండ పడని వేళ చూసి డాబా మీద తిప్పేది. పాప కోసమని తనే కట్టిన చందమామ పాట పాడి నిద్రపుచ్చేది. ఏం తిన్నదీ, ఎంతసేపు నిద్రపోయిందీ నేను చెప్పులు విప్పేలోపలే అప్పజెప్పేది. పాప ఆవిడను "ఆయ్" అని పిలవడం నేర్చుకుంది. "అమ్మ" అనడం అప్పటికింకా రాలేదు. ఇంట్లో అందరికీ ఆవిడ ఆయమ్మ అయిపోయింది. నాకు మాత్రం ఆవిడ అక్క, ఆవిడకు నేను మేడమ్.

ఆ మేడమ్ అన్న పిలుపు పోయిన రోజు నాకు బాగా గుర్తు. ప్రాక్టికల్స్ కోసం శనగలు మొలకెత్తిద్దామని ఒక పళ్ళెంలో గింజలు పోసి హాల్లో గోడ వారగా పెట్టి కాలేజీకి వెళ్ళాను. పాప అప్పటికి బాగా పాకుతోంది. మధ్యాహ్నం క్లాసులో ఉండగా ఫోన్ వచ్చింది. పాప ముక్కులో శనగ గింజ ఇరుక్కుంటే పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకొచ్చానని, గింజ తీసేశారని, కంగారు పడకుండా రమ్మని చెప్పింది. నేను చాక్‌పీసు చేతిలో అలాగే పట్టుకుని ఆటో ఎక్కాను. వెళ్ళేసరికి పాప ఆవిడ ఒళ్ళో కూర్చుని ఆవిడ గాజులతో ఆడుకుంటోంది. చాలామంది పిన్నీసు పెట్టో, వేలు పెట్టో తీయబోయి గింజను ఇంకా పైకి తోసేస్తారని, ఈవిడ దాన్ని ముట్టుకోకుండా తీసుకురావడమే మంచిదైందని డాక్టరు చెప్పాడు.

బయటికొచ్చాక ఆవిడ గట్టిగానే తిట్టింది. "పిల్లలకు పాఠాలు చెప్పే అమ్మాయివి. పాకే పిల్ల ఇంట్లో నేల మీద గింజలు పెడతావా? నేను వంటింట్లోకి పోయి నీళ్ళు తెచ్చేంతలో అయిపోయింది. నాదీ తప్పే. నీదీ తప్పే."

ఆ రోజు నుంచి నేను మేడమ్ కాదు, అమ్మాయ్. నాకు అదే బాగుంది. కృతజ్ఞతగా ఆవిడకొక చీర కొనిచ్చాను. పనిమంతురాలని అంత కళ్ళారా చూశాక జీతం పెంచాలన్న ఆలోచన నాకు రాలేదు. చీరతో ఆ రుణం తీరిపోయిందనుకున్నాను. దసరా సెలవుల్లో ఆవిడ రాని పది రోజులకూ డబ్బులు పట్టుకునే ఇచ్చాను, అనుకున్న మాటే కదా అని.

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక సాయంత్రం పాపను నా చేతికిచ్చి, తన స్టీలు డబ్బా సంచిలో పెట్టుకుంటూ చెప్పింది.

"సోమారం నుంచి రాలేనమ్మాయ్. మిరప కోతలకు పోతన్నా."

మొదట నాకర్థం కాలేదు. మా పల్నాడులో ఆ నెలల్లో మిరపకాయ కోతలకు మనుషులు దొరకరు. రైతులు ఆటోలు పంపించి మరీ నరసరావుపేట నుంచి ఆడవాళ్ళను తీసుకెళ్తారు. కూలి రోజురోజుకూ పెరుగుతుంది. నేనిచ్చే జీతాన్ని రోజులకు పంచి చూస్తే, చేలో దానికి ఒకటిన్నర రెట్లు వస్తుంది. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. కానీ ఆవిడ వెళ్తుందని మాత్రం అనుకోలేదు. పాపను వదిలి ఎలా వెళ్ళగలుగుతున్నావని అడిగేశాను. పాప మీద ప్రేమ ఇంతేనా అని కూడా అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆవిడ కోపగించుకోలేదు. "ప్రేమకు నువ్వు జీతమిస్తన్నావా అమ్మాయ్? అది ఉట్టిదే. అది ఏడకీ పోదు. కూలి సంగతి వేరే" అంది. పాప బుగ్గ నిమిరి మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆవిడ పెట్టించిన మెట్ల తలుపును బయట నుంచి తనే మూసి, గడియ పడిందో లేదో ఒకసారి లాగి చూసింది.

గుంటూరులో ఒక ఏజెన్సీ ద్వారా ఇంకో అమ్మాయిని తెప్పించుకున్నాం. ఇంట్లోనే ఉంటుంది, భోజనం మనదే, జీతం ఆయమ్మకిచ్చిన దానికి రెట్టింపు. ఇరవై నాలుగేళ్ళుంటాయి. శుభ్రంగా ఉండేది. పాపకు టైము ప్రకారం అన్నీ పెట్టేది. పాప తినేది కాదు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. రోజూ సాయంత్రం ఫోనులో తన ఊళ్ళో అమ్మమ్మ దగ్గరున్న కొడుకును చూసుకునేది. వాడికి రెండేళ్ళు. ఫోను పెట్టేశాక ముఖం కడుక్కుని వచ్చి మా పాపకు అన్నం పెట్టేది. పాప ముద్ద ఊసేసేది, ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. తొమ్మిదో రోజు, ఇంటికి వెళ్ళిపోతానని నా ముందు తల వంచుకుని నిలబడింది. ఉండమని నేను బలవంతం చేయలేదు. మా ఆయన బస్టాండు దాకా తీసుకెళ్ళి బస్సెక్కించి వచ్చాడు.

నేను సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. పాప రోజూ తొమ్మిదింటికి మెట్ల తలుపు దగ్గరకు వెళ్ళి కూర్చునేది. "ఆయ్, ఆయ్" అని రెండు మూడుసార్లు పిలిచి, ఎవరూ రాకపోతే ఆ తలుపును చేత్తో కొట్టేది. ఆ వారం గడిచాక ఆదివారం మా ఆయనే అన్నాడు, వెళ్ళి కనుక్కుందాం పద అని. రైలు గేటు అవతల ఆయమ్మ వాళ్ళింటికి వెళ్తే, నకరికల్లు వైపు ఒక చేలో ఉంటుందని వాళ్ళాయన చెప్పాడు. ఆయన్ను చూడడం అదే మొదలు. అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆ నాలుగు మాటలు చెప్పడానికి రెండుసార్లు ఊపిరి పీల్చుకున్నాడు.

చేను రోడ్డు పక్కనే ఉంది. పదిహేను ఇరవై మంది ఆడవాళ్ళు తలలకూ మూతులకూ గుడ్డలు కట్టుకుని, మగవాళ్ళ చొక్కాలు తొడుక్కుని సాళ్ళ వెంట వంగి కాయ కోస్తున్నారు. బండి ఆపగానే ఘాటుకు నాకు తుమ్ములొచ్చాయి. పాప ముఖం మీద నా కొంగు కప్పాను. అందరూ ఒకేలా ఉన్నారు, ఎవరు మా ఆయమ్మో పోల్చుకోలేకపోయాను. ఇంతలో ఎవరో పక్కనున్నామెను ఏదో అని నవ్వారు. ఆ గొంతు వినగానే పాప కొంగు లాగేసి, నా చేతుల్లోంచి దూకేంత పని చేసింది.

ఆయమ్మ తలెత్తి చూసింది. సాళ్ళ మధ్య నుంచి గబగబా నడుచుకుంటూ గట్టు మీదకొచ్చింది. పాప రెండు చేతులూ చాపింది. ఆయమ్మ మాకు నాలుగడుగుల దూరంలో ఆగిపోయి, తన చేతులు రెండూ వీపు వెనక పెట్టుకుంది.

పాపకు అది అర్థం కాలేదు. చేతులు చాపి పిలుస్తోంది, ఆవిడ ఎత్తుకోవడం లేదు. పెదవి విరిచి ఏడుపు అందుకుంది. ఆవిడ ముఖం చూడలేకపోయాను. "కారం తల్లీ, చేతుల నిండా కారం. నిన్ను ముట్టుకోగూడదు. నా బంగారం, నా తల్లి, మంట పుడద్ది నీకు" అంటూ అక్కడి నుంచే బతిమాలుతోంది. నేను పాపను దించబోతే వద్దని గట్టిగా తల ఊపింది. చేను గట్టున డ్రమ్ములో నీళ్ళుంటే వెళ్ళి మోచేతుల దాకా కడుక్కుంది. ఇంకో ఆమె ఇచ్చిన మజ్జిగ పోసుకుని మళ్ళీ కడుక్కుంది. అయినా నమ్మలేదు. చేతులు వెనక్కే పెట్టుకుని వచ్చి, మూతికున్న గుడ్డ కిందికి దించమని నాకు చెప్పి, వంగి తన నుదురు పాప నుదుటికి ఆనించింది. పాప ఆవిడ జుట్టు రెండు గుప్పిళ్ళతో పట్టుకుంది. ఎంతసేపటికీ వదల్లేదు. ఆవిడ అలాగే వంగి నిలబడింది.

అప్పుడు చూశాను ఆ చేతుల్ని. వేళ్ళ కొసలు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. రాత్రిళ్ళు నీళ్ళలో పెట్టుకుంటేగాని నిద్ర పట్టదని పక్కనున్నామె చెప్పింది.

కూర్చున్నాక నేను అడిగాను, చేలో ఇచ్చినంత నేనిస్తే వస్తావా అని. ఆవిడ నవ్వింది.

"చేలో కూలి రెండు నెల్లే అమ్మాయ్. అది చూసి రాలేదు నేను. మే నెల చూసుకుని వచ్చా."

నాకు అర్థం కాలేదని ఆవిడకు అర్థమైంది. వేసవి సెలవుల్లో మా కాలేజీ మూస్తారు. నేను ఇంట్లో ఉంటాను. ఆయమ్మకు పని ఉండదు, డబ్బులుండవు. దసరాకు పది రోజులు, సంక్రాంతి పండగకు పది రోజులు పోయినప్పుడు చేబదులు తెచ్చుకుని నెట్టుకొచ్చింది. వేసవి అంటే నెలన్నర. ఎండాకాలం పేటలో ఇంకో పని దొరకదు. కోతల్లో నాలుగు డబ్బులు వెనకేసుకుంటే మే నెల గడుస్తుందని వెళ్ళింది. అంతే. ఇందులో పాపను కాదనుకోవడం లేదు, ఎక్కువ డబ్బుకు ఆశపడడమూ లేదు.

ఆ గట్టు మీద నాకు నా పాత రోజులు గుర్తొచ్చాయి. పర్మనెంటు కాకముందు ఐదేళ్ళు నేను గురజాలలో గెస్ట్ లెక్చరర్‌ని. పీరియడుకు ఇంత అని ఇచ్చేవాళ్ళు. సెలవులొస్తే ఏమీ ఉండేది కాదు. వేసవి వస్తోందంటే మిగతా లెక్చరర్లు ఏ ఊరెళ్దామా అని మాట్లాడుకునేవారు, మేం అద్దె ఎలా కట్టాలా అని చూసుకునేవాళ్ళం. సెలవుల్లో మాత్రం మాకు ఆకలి వేయదా అని అర్జీ రాసింది నేనే. నా చేతి రాత బాగుంటుందని అందరూ నా చేతే రాయించారు. ఆ అర్జీతో గుంటూరు దాకా తిరిగాం. ఇప్పుడు మే నెలలో కూడా నా ఖాతాలో జీతం పడుతుంది. అదే మే నెలలో ఆయమ్మకు ఏమీ ఇవ్వనని నేనే చెప్పాను, అది కూడా సెలవిస్తున్నట్టు మాట్లాడి.

మా ఆయనతో ఒక్క మాట మాట్లాడి ఆవిడకు చెప్పాను. ఏడాదికి పన్నెండు నెలలూ జీతం ఇస్తానని, నాకు సెలవులైతే తనకూ సెలవులేనని, మొదట తను అడిగిన ఎనిమిదీ ఇస్తానని. ఆవిడ ఒప్పుకుంది. కానీ రేపే రాలేనంది. రెండో కోత అయ్యేదాకా ఉంటానని ముఠా మేస్త్రికి మాటిచ్చిందట. ఇంకా పది రోజులు పడుతుంది. నాకు ఒక్క క్షణం కోపం వచ్చింది. ఆ వెంటనే, ఆ మేస్త్రి దగ్గర మాట తప్పే మనిషైతే మా ఇంట్లో మాత్రం ఎలా నిలబడుతుందనిపించింది. ఇంకో పది రోజులు సెలవు పెట్టాను. పదకొండో రోజు తొమ్మిదింటికి ఐదు నిమిషాల ముందే మెట్ల తలుపు చప్పుడైంది. చేతుల మంట పూర్తిగా పోలేదని నాలుగు రోజులు చేతులకు గుడ్డ చుట్టుకునే పాపను ఎత్తుకుంది.

సంగతి తెలిసి పిన్నిగారు నొచ్చుకుంది. పని చేయని రోజులకు కూడా డబ్బులిస్తే వీధిలో మిగతా వాళ్ళం ఏం కావాలని అడిగింది. ఆవిడ కోపంలో న్యాయం లేకపోలేదు. వాళ్ళ కోడలికి ప్రైవేటు బళ్ళో ఉద్యోగం. వచ్చేదే తక్కువ, అందులోంచే పిల్లవాణ్ణి చూసే మనిషికి ఇవ్వాలి. నేను ఇస్తున్నంత ఆ పిల్ల ఇవ్వలేదు. ఆయమ్మే వాళ్ళకొక దారి చెప్పింది. వాళ్ళ ఆయా ఈవిడ చుట్టాలమ్మాయే. పొద్దున రెండు గంటలు తగ్గించుకుని, ఆ టైములో ఇంకో ఇంట్లో వంట చేసుకునేలా మాట్లాడి పెట్టింది. పిన్నిగారు కొన్నాళ్ళు నాతో ముభావంగా ఉంది. తర్వాత కొత్త ఆవకాయ పంపించింది, అంతటితో సరి.

ఆ తర్వాత పేటలో మా వైపు ఎవరు ఆయా పనికి కుదరాలన్నా ముందు మా ఆయమ్మను అడిగేవాళ్ళు. స్టాఫ్ రూములో లెక్కల మేడమ్ ఒకరోజు నన్ను నిలదీసింది, మీ ఆయమ్మ మా ఇంటికొచ్చిందని. కుదరబోయే అమ్మాయికి తోడుగా వచ్చి, ఇల్లంతా తిరిగి చూసి, బాబుకు రాత్రి నిద్ర పడుతుందా, పళ్ళొస్తున్నాయా, సార్ షిఫ్టు ఎప్పటిదాకా అని అన్నీ అడిగిందట. చివర్లో, మీకు ఎండాకాలం సెలవులెన్నాళ్ళు మేడమ్ అని అడిగిందట. తిడుతూ తిడుతూనే లెక్కల మేడమ్ నవ్వేసింది. ఎంతకు తెగిందో మాత్రం చెప్పలేదు. ఆరు వేల మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ మే నెలలో ఆయమ్మకు మొదటిసారి జీతంతో సెలవులొచ్చాయి. వినుకొండలో కూతురికి నెలలు నిండాయి. ఇంతకుముందు పెద్ద మనవరాలు పుట్టినప్పుడు మూడు రోజులుండి వచ్చేయాల్సి వచ్చిందట. ఈసారి నెల రోజులుంది. తిరిగొచ్చాక ఫోనులో మనవడి ఫొటోలు మా పాపకు చూపిస్తే, పాప ఫోను లాక్కుని నేలకేసి కొట్టింది. ఆవిడ తెగ మురిసిపోయింది. "చానా కుళ్ళు దీనికి" అని వీధంతా చెప్పుకుంది.

వాళ్ళాయన సంగతి నాకు తెలిసింది ఆ మరుసటి ఏడాది. మాచర్ల వైపు నాపరాళ్ళ క్వారీల్లో ఇరవై ఏళ్ళు రాయి కోశాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంది. మందులు ఆపడానికి లేదు. ఇంత కష్టముందని ఎందుకు చెప్పలేదని అడిగి, ఇంకో వెయ్యి పెంచుతానన్నాను.

"పెంచాలనుంటే పెంచు. పాప పెద్దదైంది, పరిగెత్తుద్ది, దాని ఎంబడి తిరగలేక నా కాళ్ళు నొప్పులు. ఆ లెక్కన పెంచు. ఆయన జబ్బు చూసి ఇస్తే అది ధర్మం చేసినట్టవుద్ది. రేపు ఆయనకు నయమైతే తగ్గిస్తావా?" అంది.

పాప పరుగుల లెక్కనే పెంచాను. ఆ మాట ఆవిడ నాకు నేర్పకపోతే, నేను దయతో ఇస్తున్నానని ఎప్పటికీ మనసులో ఉండిపోయేది.

పాపకు నాలుగేళ్ళు నిండి బళ్ళో వేశాక మధ్యాహ్నం మూడింటి దాకా ఇంట్లో ఎవరూ ఉండరు. ఆయమ్మకు పని గంటన్నరే మిగిలింది. జీతం తగ్గించకుండా ఉండమన్నాను. వారం రోజులు చూసింది. ఖాళీ ఇంట్లో కూర్చుంటే కాళ్ళూ చేతులూ ఆడటం లేదంది. పక్క వీధిలో డాక్టర్ల జంటకు మూడు నెలల పాప ఉంది. వాళ్ళు అడిగారని, ఆపరేషన్లున్న రోజు ఎప్పుడొస్తారో తెలియని ఇల్లు కాబట్టి ఎక్కువే చెప్పానని అంది. ఎంతో చెబితే నాకే కళ్ళు తిరిగాయి. వాళ్ళు నన్ను ఫోనులో అడిగినప్పుడు, అంత విలువైన మనిషేనని చెప్పాను. బడి నుంచి మా పాపను తీసుకురావడానికి పిన్నిగారి కోడలు ఒప్పుకుంది.

ఆయమ్మ వెళ్ళిన రోజు పాప ఏడవలేదు. అలిగింది. ఆవిడ దారిలో కనిపిస్తే తల తిప్పేసుకునేది. ఆదివారం ఇంటికొస్తే లోపలి గదిలోకి వెళ్ళి కూర్చునేది. రెండు నెలలు అలాగే సాగింది.

మొన్న రైతు బజారు దగ్గర ఆయమ్మ ఎదురైంది. భుజాన డాక్టర్ల పాప. ఎండకు నెత్తిన చిన్న టోపీ. మా అమ్మాయి నా వెనక్కి నక్కి, కాసేపటికి తనే ముందుకొచ్చింది.

"దానికి కూడా పాట పాడతన్నావా?" అని అడిగింది, అచ్చం ఆయమ్మ యాసలో.

"పాడతన్నా. నీది కాదులే. దానికి వేరే కట్టా."

"ఏం పాట?"

ఆయమ్మ రోడ్డు మీదే నిలబడి, చుట్టూ జనం ఉన్నారని గొంతు తగ్గించి, రెండు చరణాలు పాడింది. అందులో చందమామ లేదు, ఒక ఉడత ఉంది, ఆ ఉడత డాక్టరమ్మ మెడలో గొట్టం పట్టుకుని ఊగుతుంది. మా అమ్మాయి జాగ్రత్తగా విన్నది. తన పాటంత బాగాలేదని తేల్చి చెప్పింది. ఆయమ్మ ఒప్పుకుంది. ఆ చంటిపిల్ల కాలి మేజోడు సగం జారిపోయి వేలాడుతోంది. మా అమ్మాయి మునివేళ్ళ మీద లేచి దాన్ని పైకి లాగి సరిచేసింది. దీని నిద్ర టైమైందని చెప్పి ఆయమ్మ గొడుగు తెరుచుకుని వాళ్ళ వీధి వైపు నడిచింది. మేం టమాటాలు కొనుక్కోవడానికి లోపలికెళ్ళాం.